పాత వాషరు

మూత మీదున్న స్టీలు రింగును ఎర్విన్ నెమ్మదిగా పైకి లాగాడు. పీపాలో మిగిలిన గాలి బుస్సుమంటూ బయటికి పోయింది. ఆ చప్పుడు పూర్తిగా ఆగేదాకా అతను తల పక్కకి తిప్పుకునే ఉన్నాడు. గాలి తియ్యకుండా మూత విప్పి ముక్కు చితక్కొట్టుకున్న మొనగాళ్లు మిల్వాకీలో చాలామందే ఉన్నారు. అందరూ ఇళ్లల్లో బీరు కాచుకునేవాళ్లే, అందరూ ఈ దుకాణానికి వచ్చేవాళ్లే.

దుకాణం ముందు భాగంలో బార్లీ మొలకలు, బీరుకి చేదునిచ్చే ఎండు హాప్ పూలు, గాజు జాడీలు అమ్ముతారు. వెనక గది ఎర్విన్‌ది. కూల్‌డ్రింకు కంపెనీలు వాడి పారేసిన పొడుగాటి స్టీలు పీపాలు లారీలో వచ్చి అక్కడ దిగుతాయి. వాటిని విప్పి, మందు కలిపిన వేడినీళ్లలో నానబెట్టి, లోపలి గొట్టంలో సన్నటి బ్రష్షు దూర్చి తోమి, చివర్లో క్రిములు చచ్చే నురగ మందు తిప్పి బోర్లించడం అతని పని. నారింజ సోడా పీపాతో పేచీ లేదు. కోలా పీపాతోనూ లేదు. రూట్ బీర్ పీపా వస్తే మాత్రం అతని నుదురు ముడిపడుతుంది. పేరులో బీరు ఉన్నా అది ఇక్కడి పిల్లలు తాగే సోడా. దానికి నొప్పుల తైలం వాసన. ఆ వాసన స్టీలుని వదులుతుంది గాని రబ్బరుని వదలదు. ఉడకబెట్టినా పోదు, ఎండబెట్టినా పోదు. కుక్కరు మూతకున్నట్టు వీటి మూతకీ ఒక పెద్ద వాషరు ఉంటుంది. దాన్నీ, గొట్టాల దగ్గరి చిన్నవాటినీ పీకి పారేసి కొత్తవి తొడగాల్సిందే. ఎర్విన్ కడిగిన పీపాలో తల దూర్చి పీల్చినా ఏ వాసనా రాదని ఊళ్లో పేరు. అతనికి ఉన్న పేరు అదొక్కటే.

చిన్నప్పుడు అతను వాళ్ల నాన్న పశువుల కొట్టంలో పాల క్యాన్లు కడిగాడు. పెళ్లయ్యాక బీరు ఫ్యాక్టరీలో సీసాలు కడిగే మిషను దగ్గర నిలబడ్డాడు. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఇక్కడ తేలాడు. ఎప్పుడూ ఎవరో తాగబోయేదాని కోసం కడుగుతూనే ఉన్నాడు. అతని చేతులు ఉడకేసిన బంగాళదుంపల్లా తెల్లగా ముడతలు పడి ఉంటాయి. వాటికి కూడా ఏ వాసనా ఉండదు.

అతనూ బీరు కాచేవాడు. అది తాగినవాళ్లంతా ఒక్కటే మాట అనేవాళ్లు, శుభ్రంగా ఉందని. పెళ్లికూతురు ఎలా ఉందని అడిగితే ఆరోగ్యంగా ఉందన్నట్టు. ఊరివాళ్ల సంగతి ఎలా ఉన్నా, భార్య లొరైన్ అతని బీరు గ్లాసు ఏనాడూ ఖాళీ చెయ్యలేదు. సగం తాగి పక్కన పెట్టేది, మిగిలింది చేపలు ముంచే పిండిలో కలిపేది. ఎర్విన్ స్నేహితుడు నార్బర్ట్ కాచే నల్ల బీరైతే గ్లాసు అడుగు కనిపించేదాకా తాగి, కళ్లు మూసుకుని, చిన్నప్పుడు మా వీధి చివర వాసన వస్తోందనేది. అది ఏ వాసనో ఆవిడకీ తెలియదు, ఇంకెవరికీ తెలియదు. నార్బర్ట్‌ని అడిగితే మా అమ్మ ఆశీర్వాదం అని నవ్వేవాడు. ఎర్విన్ ఆ అసూయతోనే మళ్లీ పొయ్యి వెలిగించేవాడు. అతను నలభై రకాల నీళ్లు మార్చి చూశాడు, మొలకలు మార్చాడు, పూలు మార్చాడు. లొరైన్ చేత ఒక్క గ్లాసు ఖాళీ చేయించాలి. ఈ వయసులో అతనికి ఉన్న కోరిక అంతే. అది తీరే దారి మాత్రం కనపడలేదు.

ఈస్టర్‌కి ముందొచ్చే తపస్సు కాలంలో ప్రతి శుక్రవారం చర్చి కింది హాల్లో చేపల వేపుడు విందు ఉంటుంది. వారానికొకరి పీపా అక్కడ తెరుస్తారు. పోయిన శుక్రవారం నార్బర్ట్‌ది, ఈ శుక్రవారం ఎర్విన్‌ది. నార్బర్ట్ పీపా పోయినవారం విందు సగంలోనే అయిపోయింది.

ఈ శుక్రవారం పొద్దున్నే ఆ ఖాళీ పీపాని ఈడ్చుకుంటూ నార్బర్టే వచ్చాడు. బస్సు నడిపి రిటైరైన మనిషి, భార్య పోయి చాలాకాలమైంది. తన పీపా ఎప్పుడూ తనే కడుక్కునేవాడు. గుమ్మం పట్టుకుని కాసేపు ఊపిరి తీసుకున్నాడు.

"ఏరా ఎర్వీ, ఇవాళ చర్చిలో నీ పవిత్ర జలమేనటగా."

"ఇష్టం లేకపోతే తాగకు. నిన్నెవడు రమ్మన్నాడు?"

"చేపల కోసం వస్తాలే." నార్బర్ట్ పీపాని అతని కాళ్ల దగ్గర ఆనించాడు. "వంగితే ఊపిరి ఆడట్లేదురా. దీన్ని కాస్త వేడినీళ్లతో తొలిచిపెట్టు. రబ్బర్ల జోలికి మాత్రం పోకు."

"ఈ గదిలోకొచ్చిన ప్రతి పీపాకీ కొత్త రబ్బర్లే పడతాయి."

"అందుకేరా ముందే చెబుతున్నా."

మధ్యాహ్నం వచ్చి తీసుకెళ్తానన్నాడు. వెళ్తూ వెళ్తూ, ఈస్టర్‌కి మళ్లీ నల్లది దించుతున్నానని లొరైన్‌తో చెప్పమన్నాడు. ఆవిడ పేరు పలికేటప్పుడు అతని మొహంలో వెలుగు ఎర్విన్‌కి నచ్చలేదు, ఏనాడూ నచ్చలేదు.

అతను వెళ్లాక ఎర్విన్ పీపా గాలి తీసి, మూత విప్పి, అలవాటుగా వాషరుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. రూట్ బీర్. సన్నగా, దూరంగా, కానీ అదే. వాషరు ఒకవైపు నొక్కుకుపోయి, గట్టిపడి ఉంది. అది సోడా కంపెనీ నాటిది, ఎవరూ మార్చనిది. లోపల గోడకి అంటిన నల్ల బీరు చుక్కని వేలితో తీసి నాలికకి రాసుకున్నాడు. లొరైన్ చెప్పే వీధి చివర అక్కడుంది. ఆ వీధి చివర ఎండాకాలం పిల్లలకి రూట్ బీర్ అమ్మే బండి ఉండేది. అతను కూడా చిన్నప్పుడు ఊళ్లోకి వచ్చినప్పుడల్లా అక్కడే తాగేవాడు.

పీపాని తిప్పి చూశాడు. అడుగున సొట్ట ఉంది. లారీ మీంచి దించుతూ తనే పడేసిన పీపా, తనే కడిగి నార్బర్ట్‌కి ఇచ్చిన పీపా. ఆ రోజు కూడా గుర్తొచ్చింది. లొరైన్ మధ్యాహ్నం భోజనం డబ్బా తెచ్చింది, ముందు గదిలో నార్బర్ట్ ఏదో చెబుతుంటే పగలబడి నవ్వింది. ఎర్విన్ చిన్న వాషర్లు మార్చి, చెవులు అటే పెట్టి, పెద్దది మార్చకుండానే మూత బిగించేశాడు. ఇన్నేళ్లుగా ఊరంతా మెచ్చుకున్న రుచి అతను అసూయలో చేసిన తప్పు.

అతనికి నవ్వొచ్చింది. వెంటనే ఒళ్లు మండింది. ఆ తప్పు మీద నార్బర్ట్ పేరు తెచ్చుకున్నాడు, లొరైన్ చేత కళ్లు మూయించాడు. వాడికి తెలుసు, తెలిసే రబ్బర్ల జోలికి పోవద్దన్నాడు. ఎర్విన్ కడిగిన పీపా కంపు కొట్టిందని నలుగురిలో చెప్పి ఉంటే ఎర్విన్ పరువు ఆ రోజే పోయేది. చెప్పలేదు. తన గుట్టు కోసం చెప్పలేదా, స్నేహితుడి పరువు కోసం చెప్పలేదా? రెండోదే నిజమైతే ఎర్విన్ భరించలేడు.

పాత వాషరుని చెత్తబుట్టలో పడేశాడు. కొత్తది తీసి, నురగ మందులో ముంచి, మూతకి తొడిగాడు. పనివాడు పని చేశాడు, తప్పు పట్టేదేముంది? వాడిక ఈస్టర్‌కి శుభ్రమైన బీరు దించుతాడు. లొరైన్ సగం తాగి పక్కన పెడుతుంది. ఆ సగం గ్లాసుని ఊహించుకుంటూ అతను ఆ రోజు మామూలుకంటే హుషారుగా పనిచేశాడు, ఈల కూడా వేశాడు. ముందు గదిలోంచి యజమానురాలు డెనిస్ తొంగి చూసి, ఎర్విన్‌కి ఈల వచ్చని తెలియదే అంది.

మధ్యాహ్నం నార్బర్ట్ రాలేదు. దుకాణం కట్టేసేదాకా రాలేదు. పీపాని గోడ పక్కన బోర్లించి ఎర్విన్ ఇంటికెళ్లి, లొరైన్‌ని తీసుకుని చర్చికి వెళ్లాడు.

హాల్లో వేపుడు నూనె వాసన, బంగాళదుంప అట్లు, రై రొట్టె. ఎర్విన్ పీపా దగ్గర వరస పెద్దగా లేదు. నార్బర్ట్ ఎప్పుడూ కూర్చునే కుర్చీ మీద లొరైన్ తన కోటు పరిచి ఉంచింది, ఎవరూ కూర్చోకుండా. ఎర్విన్ ఆ కోటునే చూస్తూ చేప తిన్నాడు. అప్పుడు ఫాదర్ వచ్చి వాళ్ల బల్ల దగ్గర వంగి, నెమ్మదిగా చెప్పారు. పక్కింటావిడ కిటికీలోంచి చూసిందట. నార్బర్ట్ కోటు తొడుక్కుని, బూట్లు వేసుకుని, కారు తాళం చేతిలో పట్టుకుని కుర్చీలో కూర్చుని ఉన్నాడట. ఎక్కడికో బయల్దేరబోతూ పోయినట్టున్నాడు, పాపం.

ఎక్కడికో ఎర్విన్‌కి తెలుసు.

లొరైన్ ఫోర్కు కింద పెట్టింది, ఏడవలేదు. బల్ల చుట్టూ ఉన్నవాళ్లు లేచి గ్లాసులెత్తారు. నార్బర్ట్ పేరు మీద తాగేటప్పుడైనా వాడి నల్ల బీరు ఉండుంటే బాగుండేదని ఎవరో అన్నారు. అందరూ తలూపారు. చచ్చిపోయి కూడా వాడే గెలిచాడని ఎర్విన్‌కి అనిపించింది. అలా అనిపించినందుకు తన మీద తనకే రోత పుట్టింది, కానీ అసూయ ఎక్కడికీ పోలేదు.

వెనక గదిలో గాలి సిలిండరు కట్టేయడం మర్చిపోయానని లొరైన్‌తో అబద్ధం చెప్పి దుకాణానికి వెళ్లాడు. తాళం తీసి, చెత్తబుట్టని నేల మీద కుమ్మరించాడు. తడి గుడ్డలు, తుప్పు బ్రష్షులు, ఆ రోజు పీకిన రబ్బర్లు అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. మోకాళ్ల మీద కూర్చుని ఒక్కొక్కటీ వాసన చూశాడు. నారింజ, నారింజ, కోలా. నొక్కుకుపోయిన ఆ పెద్ద వాషరు చివరికి దొరికింది. దాన్ని కోటు జేబులో వేసుకున్నాడు. తన పీపా మూతకి తొడిగితే చాలు. ఈస్టర్‌కి లొరైన్ గ్లాసు ఖాళీ చేస్తుంది. ఆ ఆలోచన దారంతా అతనితోనే వచ్చింది.

ఇంటికొచ్చేసరికి లొరైన్ వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఉంది. కోటు కూడా విప్పలేదు. ఎదురుగా కూర్చుని, ఏం చెయ్యాలో తెలియక ఆవిడ చేతి మీద చెయ్యి వేశాడు. ఆవిడ ఆ చేతిని రెండు చేతుల్తో పట్టుకుంది. ఉన్నట్టుండి మొహం దగ్గరికి తీసుకుని పీల్చింది.

"నార్బర్ట్ వచ్చాడా ఇవాళ నీ దగ్గరికి?"

"పొద్దున వచ్చాడు."

ఆ వాసన తన తప్పులోంచి పుట్టిందని, లెక్కకి తనదేనని చెప్పడానికి ఎర్విన్ నోరు తెరిచాడు. లొరైన్ కళ్లు మూసుకుని ఉంది. ఆవిడ అలా కళ్లు మూసుకోవడాన్ని అతను ఎప్పుడూ బల్లకి ఇటువైపు నుంచే, ఇంకొకడి గ్లాసు మీద చూశాడు. ఇప్పుడది తన చేతి మీద ఉంది, అయినా ఇంకొకడి కోసమే.

"ఈస్టర్‌కి నల్లది దించుతానన్నాడు," అన్నాడు. "నీతో చెప్పమన్నాడు."

అప్పుడు ఏడ్చింది లొరైన్, అతని చేతిలో మొహం పెట్టుకుని.

"కడుక్కోకు," అంది కాసేపటికి. "ఈ రాత్రికి కడుక్కోకు."

అతను కడుక్కోలేదు. దీపం ఆర్పే ముందు జేబులోంచి వాషరు తీసి, ఎక్కడ పెట్టాలో తోచక, సింకు పక్కన పొద్దుటి గ్లాసులు బోర్లించిన గుడ్డ మీద పెట్టాడు. కడిగిన గ్లాసుల మధ్య అది నల్లగా, ఒకవైపు నొక్కుకుపోయి, వంటింటినిండా సన్నగా వాసన వేస్తూ ఉండిపోయింది.