ఊలు దారంతో తీసిన కొలత

మా ఆయన పోయిన రోజు మధ్యాహ్నం నర్సు నా అరచేతిలో చిన్న గాజుగుడ్డ పొట్లం పెట్టింది. "వేళ్లు వాచకముందే తీసి ఉంచామమ్మా" అంది. లోపల ఉన్నది ఆయన ఉంగరమని తడిమితేనే తెలిసింది. ఆ వారంలోనే ఆ ఉంగరాన్ని నా మెడలోని గొలుసుకు గుచ్చుకున్నాను. బట్టల కింద ఉంటుంది కాబట్టి నేను పాఠాలు చెప్పే బడిలో ఎవరికీ తెలియదు. తమ్ముడికి మాత్రం తెలుసు.

మా తమ్ముడు కాలిపోయిన మోటార్లకు తీగ చుట్టే పని చేస్తాడు. సొంతంగా షాపు పెట్టుకోవాలని చాలాకాలం కూడబెట్టాడు. ఇప్పటికీ ఇంకొకరి షెడ్డులోనే పనిచేస్తున్నాడు. ఆ డబ్బు ఏమైందని నేనెప్పుడూ అడగలేదు. ఆసుపత్రి కౌంటర్ దగ్గర నిలబడింది వాడే.

అలాంటివాడు ఒక సాయంత్రం మా వంటింటి గుమ్మంలో నిలబడి, గోళ్లలో ఇరుక్కున్న వార్నిష్ గీక్కుంటూ, "అక్కా, మీ క్రాఫ్ట్ టీచర్ వేలి కొలత కావాలి" అన్నాడు.

"ఎందుకురా?"

"మోటారుకి బేరింగు వెయ్యడానికి! ఎందుకేంటక్కా, ఉంగరానికి."

వాళ్లిద్దరి సంగతి నాకు తెలుసు. నా టిఫిన్ బాక్సు ఇవ్వడానికి వాడు బడికొచ్చి, క్రాఫ్ట్ గదిలో తిరగని ఫ్యాను బాగుచేయడంతో మొదలైన వ్యవహారం. పెద్దవాళ్లు ఒప్పుకున్నారు. ఆదివారం వాళ్లింట్లో నిశ్చితార్థం.

"ఉంగరాలూ గింగరాలూ వద్దందిగా ఆ పిల్ల?"

"నోటితో అంది. మొన్న వాళ్ల ఫ్రెండు ఉంగరం చూస్తున్నప్పుడు కళ్లు ఇంకో మాట అన్నాయి. తనకి చెప్పకుండా తేవాలక్కా."

"కొలత సంగతి నాకొదిలెయ్. లెక్కల టీచర్ని" అన్నాను. చాలా రోజుల తర్వాత ఏదో పనికొచ్చే మాట అన్నట్టనిపించింది.

మర్నాడు క్రాఫ్ట్ గదికి వెళ్లి అల్లిక నేర్పమన్నాను. ఆ అమ్మాయి కళ్లు పెద్దవి చేసింది. "మేడమ్, మీరు అల్లికా! సూర్యుడు ఎటు పొడిచాడో!" అంటూనే ఊలు ఉండ చేతికిచ్చింది. దారం వేలికెలా చుట్టుకోవాలో తెలియనట్టు నటిస్తూ ఆ అమ్మాయి ఉంగరపు వేలికే చుట్టి, వదులు లేకుండా బిగించి, కలిసినచోట కత్తిరించాను. ఆ ముక్కను జామెట్రీ బాక్సులో దాచుకున్నాను.

నగల షాపులో మొదట మాకు మెత్తటి కుర్చీలు చూపించారు. "ఎంతలో చూడమంటారు సార్?" అన్నాడు సేల్స్‌మన్. తమ్ముడు మెల్లగా చెప్పాడు. "ఎంతా?" అన్నాడతను. తమ్ముడు మళ్లీ చెప్పాల్సి వచ్చింది. పక్కన కూర్చున్న దంపతులు ఒకసారి మా వైపు చూసి తల తిప్పుకున్నారు. సేల్స్‌మన్ ముఖమల్ పళ్లెం లోపల పెట్టి ఇంకొకటి తెచ్చాడు. దాని మీద ముఖమల్ లేదు.

అయినా తమ్ముడి చూపు మొదటి పళ్లెంలోని ఒక ఉంగరం దగ్గరే ఆగిపోయింది. రెండు చిన్న ఆకులు, మధ్యలో రాయి. అడిగి తీయించుకున్నాడు. ధర చీటీ తిప్పి చూసి తిరిగి ఇచ్చేశాడు.

"బరువెక్కువుంది. చేత్తో పని చేసుకునే మనిషికి అడ్డం" అన్నాడు, అతనితో కాదు, నాతో.

"పాత బంగారం ఏమైనా ఉంటే మార్చుకోవచ్చు సార్. అప్పుడు ఈ ఆకుల డిజైను మీకు వచ్చేస్తుంది" అన్నాడు సేల్స్‌మన్.

"లేదండీ." ఆ మాట పూర్తికాకముందే తమ్ముడి జవాబు వచ్చేసింది. నా వైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి కష్టపడటం మాత్రం కనిపించింది.

నా చెయ్యి మెడ దగ్గరికి వెళ్లింది. "ఇది ఉందిగా తమ్ముడూ" అన్నాను.

"ఊరుకో అక్కా. అది బావది."

ఊరుకున్నాను. తరగతిలో జవాబు రాకపోతే అదే ప్రశ్న మళ్లీ మళ్లీ అడిగే మనిషిని. అక్కడ ఒక్కసారే అడిగాను. వద్దంటాడని తెలిసే అడిగాను. వాడు వద్దనగానే గుండెల్లో బరువు దిగినట్టయింది. అలా దిగినందుకు తల ఎత్తలేకపోయాను. నా దగ్గరున్న ఊలు ముక్క సేల్స్‌మన్‌కిచ్చాను. అతను దాన్ని స్కేలు పక్కన పరిచి, కొలత చూసి, అన్నిటికంటే పలచనిది ఒకటి తీశాడు. తరుగు, మజూరీ కలిపేసరికి తమ్ముడు తెచ్చిన డబ్బుల కవరు ఖాళీ అయింది.

ఆదివారం వాళ్లింటి ముందుగది బంధువులతో నిండిపోయింది. తమ్ముడు జేబులోంచి డబ్బా తీయగానే ఆ అమ్మాయి ముఖం వెలిగిపోయింది. ఉంగరం గోరు దాటింది, మొదటి కణుపు దాటింది, రెండో కణుపు దగ్గర ఆగిపోయింది. వాడు కొంచెం నొక్కాడు. తను పెదవి బిగబట్టింది.

"సబ్బు తెండర్రా ఎవరైనా!" అంది వాళ్ల పిన్ని. గదంతా నవ్వులు. "కొలత ఎవరు తీశారు బాబూ?"

 తమ్ముడి చెవులు ఎర్రబడ్డాయి.

"నేనేనండీ" అన్నాను.

"మీరు లెక్కలు చెప్తారు కదూ? అయితే మా పిల్లలు పాసైనట్టే!" మళ్లీ నవ్వులు.

ఆ అమ్మాయి నా వైపు తిరిగింది. "ఆ రోజు ఊలు చుట్టింది దీనికా మేడమ్? లాగి చుడితే సాగుతుంది కదా, కత్తిరించాక ముడుచుకు..." అంటూనే మాట మింగేసింది. గబుక్కున ఉంగరం తీసి చిటికెన వేలికి పెట్టుకుని చెయ్యి అందరికీ చూపించింది. "ఇక్కడే బాగుంది. సూది పట్టుకున్నప్పుడు అడ్డురాదు."

తిరిగొస్తుంటే తమ్ముడు అన్నాడు: "ఈసారి రాగి తీగ అడుగక్కా. సాగదు." నన్ను నవ్వించాలని అన్నాడు. 

మర్నాడు బడి వదలగానే ఒక్కదాన్నే షాపుకు వెళ్లి, ఆ ఉంగరం పెద్దది చేయడం కుదురుతుందా అని అడిగాను. వెనకగదిలో నగలు చేసే ఆయన అలాంటిదే ఇంకో ఉంగరం వెలుగులో తిప్పి చూశాడు.

"ఇంత పలచనిది సాగదీస్తే పగిలిపోతుందమ్మా. కోసి ముక్క అతకాలి. గోరంత బంగారం చాలు. ఇంట్లో పాతది ఏదైనా ఉంటే మజూరీతో పోతుంది."

గొలుసు విప్పి, మా ఆయన ఉంగరాన్ని బల్ల మీద పెట్టాను.

"దీని వెనకవైపు నుంచి కాస్త తీసి, మళ్లీ అతికిచ్చేస్తా. తేడా మీకు తప్ప ఎవరికీ తెలీదు" అంటూ ఆయన సన్నటి రంపం అందుకున్నాడు.

ఉంగరం వెనకవైపు ఒకచోట అరిగి నున్నగా ఉంటుంది. ఆలోచనలో పడ్డప్పుడల్లా మా ఆయన బొటనవేలితో అక్కడే రుద్దేవారు. రంపం ఆనింది సరిగ్గా ఆ చోటే.

"ఆగండి" అన్నాను. "రేపు వస్తాను."

"రేపు షాపు సెలవమ్మా."

"అయితే ఎల్లుండి."

ఆయన రంపం పక్కన పెట్టి ఉంగరాన్ని నా వైపు జరిపాడు. గొలుసు మళ్లీ వేసుకోబోతే కొక్కెం పడలేదు. ఆయన ముందే నిలబడి చాలాసేపు తంటాలు పడ్డాను.

బడిలో ఆ అమ్మాయి ఇప్పుడు నన్ను మేడమ్ అనడం మానేసి వదినా అంటోంది. స్టాఫ్ రూంలో ఎవరైనా ఉంగరం చూపించమంటే చిటికెన వేలు చాపి, "మా వదిన సెలక్షన్" అని నవ్వుతుంది. నేను దిద్దేసిన పేపర్లే మళ్లీ దిద్దుతున్నట్టు కలం కదుపుతాను.

నేను చెప్పిన ఎల్లుండి ఎప్పుడో దాటిపోయింది. షాపుకు మళ్లీ వెళ్లలేదు. వెళ్లి తిరిగొచ్చిన సంగతి తమ్ముడికి చెప్పలేదు. ఆ పిల్ల ఉంగరం ఇంకా పెద్దది చేయించలేదు.