ఏమీ చేయని రాయి

మా అంగడిలో నల్లపూసలు, పగడాలు, గాజుపూసలు, పిల్లల మొలతాళ్ళకు కట్టే గవ్వలు తప్ప మరేమీ ఉండేవి కావు. కొత్త పైసలు వచ్చిన ఏడాది మా ఆయన గోవిందరాజులు బెంగళూరు నుంచి ఒకే ఒక నీలం రాయి తెచ్చాడు. తెచ్చిన రోజే హిందూపురం బజారులో మా బోర్డు మీద 'పూసల అంగడి' చెరిపించి 'రత్నాల అంగడి' అని రాయించాడు.

"ఒక్క రాయికి రత్నాలా?" అన్నాను.

"ఒక్కటని బోర్డు మీద రాస్తారా మ్మే?" అన్నాడు.

నీలం అందరికీ పడదు. పడితే మేడ కట్టిస్తుందంటారు, పడకపోతే ఉన్న గుడిసె పీకిస్తుందంటారు. అందుకే కొనేవాళ్ళు ముందుగా దాన్ని గుడ్డలో కట్టి, తలకింద పెట్టుకొని మూడు రాత్రులు పడుకుంటారు. మంచి జరిగితే ఉంచుకుంటారు. చెడు జరిగితే తెచ్చిస్తారు.

మా నీలాన్ని మొదట తీసుకుపోయింది ధర్మవరం ఆదెప్ప, పట్టుచీరలు నేసే ఆయన. మర్నాడే తిరిగొచ్చి రాయిని గల్లాపెట్టె మీద పడేశాడు.

"మగ్గం మీద పడుగంతా ఎలుక కొరికిపాయ గదప్పా!"

"ఎలుక మీ ఇంట్లో ముందునుంచీ ఉండాదా ల్యాదా?" అన్నాడు మా ఆయన.

"ఉండాది. అయితే కొరికేది కాదు."

తర్వాత గోరంట్ల ఓబులేసు తీసుకుపోయాడు. రెండో రోజే వాళ్ళత్త పెట్టెతో సహా దిగిందట. రాయి మళ్ళీ మా ఇంటికే వచ్చింది.

మా ఇల్లంటే అంగడి వెనక గది. అందులో రాయి ఉన్న పెట్టె, దాని కిందనే ఉయ్యాల, ఉయ్యాలలో నా బిడ్డ చౌడేశ్వరి. ఎనిమిదో నెల. చిగుళ్ళు ఉబ్బి, ఏది దొరికితే అది కొరుకుతోంది. మా అత్త పుట్టమ్మ ఆ పెట్టె వైపు చూసి అననే అంది.

"నీలముండే ఇంట్ల బిడ్డకి పండ్లు పైనుంచి వస్తాయంట."

పైపన్ను ముందొస్తే మేనమామకు గండం. నాకున్నది ఒక్క తమ్ముడు, శ్రీనివాసులు. ఆ మాట విన్నప్పటినుంచీ నాకు అన్నం దిగలేదు. పొద్దున లేస్తూనే బిడ్డ నోట్లో వేలుపెట్టి తడిమేదాన్ని. అది కొరికేది.

"అమ్మేవాళ్ళకి రాయి పని చెయ్యదు మ్మే," అన్నాడు మా ఆయన.

"మనం అమ్మేవాళ్ళమని దానికెవురు చెప్పినారు?"

ఆయన లేచి అంగడిలోకి పోయాడు. రాయి మాత్రం గదిలోనే ఉంది.

చివరికి పెనుకొండ రంగప్ప వచ్చాడు. మా పుట్టింటి వీధిలో రైతు, నాకు వరుసకు మామ. ఆయన రాయి మూట జేబులో వేసుకోగానే నేను బిడ్డను చంకనేసుకొని, అమ్మను చూసొస్తానని ఆయనెక్కిన రైలే ఎక్కాను. ఆయన ఒక కొసన, మేం ఇంకో కొసన. ఆ రాయి ఇక మా గడప తొక్కకూడదు. అంటే, ఈ మూడు రోజులూ రంగప్ప మామకు మంచి జరిగి తీరాలి.

ఇంటికి పోతూనే శ్రీనివాసులును పెరట్లోకి పిలిచాను.

"రంగప్ప మామకి మంచి జరగల్ల. ల్యాకపోతే రాయి మా ఇంటికొస్తాది, పాపకి పైపన్నొస్తాది."

వాడు మెడ తడుముకున్నాడు. "నన్నేం జేయమంటావక్కా?"

"పులిజూదంలో ఆయనకి ఓడిపో."

"ఆయప్పకా? ఆయప్ప పులులు మేకల్ని జూసి పరుగెత్తుతాయి గదక్కా!"

అయినా ఓడాడు. రంగప్ప మామకు గెలవడం చేతకాక ఆట పొద్దుగూకేదాకా సాగింది. తర్వాత వీధంతా తమ్ముణ్ణి పట్టుకొని నవ్వింది. వాడు పళ్ళు కొరుక్కుంటూ ఆటరాళ్ళు ఏరుకున్నాడు.

రెండోరోజు ఆయన పెండ్లాం నారాయణమ్మ అత్త దగ్గరికి పోయాను. చుట్టాల ముందు తన సంగటిని రాయి అన్నాడని ఆమె రెండేండ్లుగా మొగుడితో మాట్లాడటం లేదు.

"అత్తా, నీ కాళ్ళు మొక్కుతా. మామతో ఒక్క మాట మాట్లాడు."

"ఏం మాట్లాడల్ల?"

"తిన్నావా అని అడుగు, సాలు."

ఆమె నా బిడ్డను ఒళ్ళోకి తీసుకొని ఆలోచించింది. "రెండేండ్ల మాటలు లోపల ఉండాయి మ్మే. ఒకటి తీస్తే అన్నీ వస్తాయి. చూసుకో మరి."

"రానీ అత్తా."

'తిన్నావా' తో మొదలుపెట్టింది. మధ్యాహ్నానికి పెళ్ళినాటి సంగతులకు వచ్చింది. సాయంత్రం రంగప్ప మామ దూడల కొట్టంలో కూర్చొని కనబడ్డాడు.

మూడోరోజు వాన పడింది. నాకు భయం వేసింది. అది నేను చేయించింది కాదు.

మర్నాడు పొద్దున రంగప్ప మామ అరుగు మీద వీధి పెద్దలను కూర్చోబెట్టి, రాయిని మధ్యలో పెట్టాడు.

"ఆటలో గెలిస్తిని, మంచి. వాన పడె, మంచి. ఈమె మాట్లాడ్తాండాది. ఇది మంచో చెడ్డో నాకి తేలల్యా. మీరే తేల్చండప్పా. చెడ్డంటే రాయి వాపసిస్తా."

నేను బిడ్డను గట్టిగా పట్టుకొని గోడవార నిలబడ్డాను. పెండ్లాం మాట్లాడటం మంచా, చెడ్డా అని పంచాయితీ మొదలైంది.

పెద్దాయన లక్ష్మన్న గొంతు సవరించుకున్నాడు. "నా పెండ్లాము మాట్లాడక పదేండ్లాయె. నాకేం తక్కువైంది?"

"మాట్లాడ్తానే ఉండా! నీకే చెవుడు!" అని ఎదురింట్లోంచి ఆయన పెండ్లాం అరిచింది. ఆ మాట కూడా ఆయనకు వినబడలేదు.

అంతలో నారాయణమ్మ అత్త గడపలోకి వచ్చింది. "రాయి జెప్తే మాట్లాడేదాన్నా నేను? ఈ పిల్ల వచ్చి కాళ్ళు పట్టుకునె. బిడ్డ మొగం జూసి మాట్లాడినా."

అందరూ నా వైపు తిరిగారు. శ్రీనివాసులుకు ఇక ఆగలేదు. "నేను గూడా కావాలనే ఓడినా! ఈయప్పకి ఎవురన్నా ఓడిపోతారా?"

రంగప్ప మామ మొహం వాడిపోయింది. "వాన?" అన్నాడు మెల్లగా. అరుగంతా నన్నే చూసింది.

"బిడ్డ మీద ఒట్టు మామా, వాన నేను చెయ్యల్యా."

లక్ష్మన్నకు ఎవరో చెవిలో అరిచి చెప్పారు. ఆయన రాయిని పట్టుకొని ఎండకు చూశాడు. "ఆ వాన కదిరిలో గూడా పడె. కదిరోళ్ళ తలకింద ఏం రాయి ఉండాదప్పా? ఇది మంచి చెయ్యల్యా, చెడు చెయ్యల్యా. ఇది ఏమీ చెయ్యదు."

"మరి ధర్మవరంలో ఈ రాయుండే ఇంట్ల పడుగు కొరికిన ఎలుక?" అని ఆయన చెవి దగ్గరే అరిచాను.

"ఎలుక పని ఎలుక చేసె పాపా."

ఎన్నాళ్ళకో నాకు గుండెలనిండా ఊపిరాడింది. రంగప్ప మామ వట్టిపోయిన బర్రెను తోలినట్టు రాయిని నా వైపు తోశాడు. "పని చెయ్యని దానికి దుడ్లు యాడ పెడ్తారమ్మీ?" నేను దాన్ని మొదటిసారి చేత్తో పట్టుకున్నాను. కందిబేడంత ఉంది. చల్లగా ఉంది.

హిందూపురంలో మా ఆయన నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. "చెడ్డరాయి అయినా అమ్మచ్చు మ్మే, పగోడికి ఇచ్చేకి కొంటారు. ఏమీ చెయ్యని రాయిని ఎవురు కొంటారు?"

మా అత్త పుట్టమ్మ మాత్రం పంచాయితీ అంతా ఒకే మాట అన్నదా అని మళ్ళీ మళ్ళీ అడిగి, వీధంతా తిరిగి చెప్పొచ్చింది. ఆ వారంలోనే చౌడేశ్వరికి కింది పన్ను వచ్చింది. శ్రీనివాసులు రైలెక్కి వచ్చి, సొంత వేలితో తడిమి చూసుకొని, కొరికించుకొని పోయాడు.

బిడ్డకు ఏమీ జరక్కుండా ఉండాలని, రాయిని గుడ్డలో పెట్టి గట్టిగా కుట్టి, నోటికి అందకుండా దాని మొలతాడుకు వెనకవైపు కట్టాను.

తర్వాత ఒకనాడు మడకశిర నుంచి ఒకామె చంకన పిల్లవాడితో అంగడి మెట్లెక్కింది. పేరు చౌడమ్మ. కళ్ళ కింద నల్లటి చారలు.

"ఏమీ చెయ్యని రాయి ఉండేది ఈడేనా?"

మా ఆయన తల ఎత్తాడు.

"మా ఇంట్లో దినమూ ఏదో ఒకటి జరుగుతానే ఉండాదన్నా. నాకి మంచి వొద్దు, చెడ్డ వొద్దు. కొన్ని దినాలు ఏమీ జరక్కుండా ఉంటే సాలు."

ఆమె వెనక ఇంకా ముగ్గురు నలుగురు ఉన్నారు. అందరి చంకల్లోనూ పిల్లలే. మా ఆయన చటుక్కున లేచి నీలం గాజుపూసల తట్ట దించాడు. "ఇవి గూడా ఏమీ చెయ్యవు తల్లీ! గ్యారంటీ!"

"పంచాయితీ తేల్చిందా?"

"అంటే..."

"మాకి తేలిందే కావల్ల."

ఆయన నా వైపు చెయ్యి చాపాడు. "ఇయ్యి మ్మే, రాయి."

నేను బిడ్డను ఎత్తుకొని వెనక్కి జరిగాను. "ఇయ్యను."

"ఇంట్ల వొద్దే వొద్దంటివి గదా!"

"అది ఏమన్నా చేస్తాదనుకున్నెప్పుడు కదా!"

చౌడమ్మ నన్నూ, నా బిడ్డ మొలతాడుకున్న గుడ్డమూటనూ చూసింది. బేరం ఆడలేదు.

"ఇయ్యద్దులే మ్మే. నేనైనా ఇయ్యను," అంది. నేను చౌడేశ్వరిని కింద కూర్చోబెట్టగానే ఆమె తన పిల్లవాణ్ణి దించి పక్కనే, మొలకు మొల తగిలేలా కూర్చోబెట్టింది. "కొంచేపు ఈడ ఉండనీ."

మిగతావాళ్ళూ వరసగా తమ పిల్లల్ని దించారు. మా ఆయన పూసల తట్ట ఎత్తిపట్టుకొని, ఎక్కడ కాలు పెట్టాలో తెలియక నిలబడిపోయాడు. నేను చౌడమ్మ పక్కన గోడకు ఆనుకొని కూర్చున్నాను. ఆమె అప్పటికే నిద్రపోయింది.