వేపమండ దాటి

నాకు నోరెక్కువని ఉప్పాడంతా చెప్పుకుంటారు. చెప్పుకోనీండి. నోరు లేకపోతే రేవులో చేపలమ్ముకుని బతకగలనా ఏంటి!

మా వినీలకి తట్టు పోసింది. నాలుగేళ్ళ పిల్ల. మా అత్త మరిడమ్మ గుమ్మానికి వేపమండ కట్టేసింది. అమ్మోరు వచ్చిన ఇంట్లో తాలింపు వెయ్యకూడదు, నీచు తినకూడదు, మందు మింగకూడదు. నీళ్ళు పోసేదాకా పిల్ల గడప దాటకూడదు. సరేనన్నాను. అమ్మోరంటే నాకూ భయమే మరి.

ఐదో రోజు పొద్దున్న నర్సు లక్ష్మి గారు వచ్చింది. మందు పేరెత్తగానే మా అత్త ఆవిణ్ణి వీధిలోంచే పంపేసింది. నేనూరుకుంటానా? సందు చివరిదాకా వెంటపడి అడిగాను.

"తట్టు ఒంట్లో ఉన్న ఎ విటమిన్ అంతా లాగేస్తుందమ్మా. అది తగ్గితే ముందు మసక వెలుతుర్లో చూపు ఆనదు. తర్వాత కన్ను ఎండిపోయి నల్లగుడ్డు మీద తెల్లగా పువ్వేస్తుంది, చూపు పోతుంది. ఇవాళ ఒక మోతాదు, రేపు ఒకటి పొయ్యాలి. మా ఇంటికైనా తీసుకురా, విడిగా కూర్చోబెట్టి పోస్తాను" అందావిడ.

సాయంత్రం పిల్ల ముందు చల్లన్నం పెట్టాను. గిన్నె ఎదురుగా ఉంటే పక్కన తడుముతోంది. "అమ్మా, ఎక్కడుందే?" అంది. ఇంకా పొద్దు పూర్తిగా వాలలేదు. నాకు గిన్నె కనపడుతోంది, దానికి కనపడట్లేదు!

పిల్లని చంకనేసుకుని లేచాను. అత్త గుమ్మానికి అడ్డం నిలబడింది. మా అరుపులకి ఆవిడ తమ్ముడు గంగయ్య పరిగెత్తుకొచ్చాడు. మా కులపెద్ద ఆయనే.

"అమ్మోరున్న పిల్లని బయటికి తెస్తే రేపు బోట్లన్నీ వట్టి వలల్తో తిరిగొస్తాయి. ఊరికి ఏం సమాధానం చెప్తావు?" అన్నాడు.

"చేపలు రేపు కాకపోతే ఎల్లుండి పడతాయండి. కన్ను పోతే మీరు తెచ్చిస్తారా? కులం జరిమానా వేస్తే నాకెయ్యండి. అమ్మోరికి కోపమొస్తే నన్ను తినమనండి. నా పిల్ల కంట్లో పువ్వేస్తుంటే మాత్రం చూస్తూ కూర్చోను!"

"పువ్వా?" అంది అత్త. ఆవిడ ఎడమ కంట్లో చిన్నప్పటి నుంచీ పువ్వుంది. "తట్టుకి పువ్వేస్తుందని ఎవరు చెప్పారే?"

"లక్ష్మి గారు. మందు పోస్తే ఆగుతుందంట, అత్తా."

ఆవిడ ఉన్నట్టుండి నా చంకలోంచి పిల్లని లాక్కుంది. లోపలికి తీసుకుపోతుందనుకుని చెయ్యెత్తబోయాను, నిజం చెప్తున్నా. ఆవిడ వేపమండ తోసుకుని గడప దాటింది.

"అక్కా!" అని అరిచాడు గంగయ్య.

"నోర్ముయ్. తట్టొచ్చినప్పుడు చేప కావాలని ఏడ్చానంట, అందుకే అమ్మోరు కన్ను తీసుకుందని మనమ్మ చెప్పింది. అరవయ్యేళ్ళు ఆ తల్లికి దణ్ణాలెట్టి క్షమించమని అడిగాను. అప్పుడు నేను ఐదేళ్ళ పిల్లని. నేనే తప్పూ చెయ్యలేదురా గంగా! దారిలోంచి లే."

గంగయ్య పక్కకి జరిగాడు.

"రావే," అంది నన్ను. "ఆ నర్సు ఇల్లెక్కడో చూపించు."