పనిని బట్టి గోళీలు

"రేపు సదర్ పండుగ. ఇంటినిండ మంది ఉంటరు. ఇంకో రెండు వేస్కో" అంటూ పెంటయ్య గూట్లోంచి మందుపట్టీ తీశాడు. గోళీలు గిల్లి, ఉల్లిగడ్డలు కోస్తున్న ఆండాలు అరచేతిలో పెట్టాడు. ఆమె కత్తిపీట మీంచి లేవకుండానే నోట్లో వేసుకుని నీళ్లు తాగింది. ఇవి రోజూ వేసుకునేవాటికి పైన రెండు. ఎందుకని అడగలేదు. ఆ ఇంట్లో పండుగకి పని రెండింతలు, గోళీలూ రెండింతలు.

ఆ గూడు బర్రెల మందులది. పొదుగువాపు మందు, పురుగుల మందు, కాల్షియం సీసా, వాటి నడుమ ఇప్పుడు ఆండాలు మందుపట్టీ. మాదన్నపేటలో బర్రెలున్న వాళ్లందరికీ పెంటయ్యే సగం డాక్టరు. పెండ చూసి రోగం చెప్తాడని పేరు. ఆయన వైద్యం అంతా ఒక్క లెక్క మీద నడుస్తుంది. పాలు తగ్గాయా, మందు పెంచు. పాలు వచ్చాయా, మందు ఆపు. పెళ్లాం గోళీలు ఆయనే చూసుకుంటున్నాడంటే గల్లీలో ఆడవాళ్లంతా మెచ్చుకున్నారు. తాగి కొట్టే మొగుళ్ల మధ్య అదీ గొప్పే. మొదట్లో ఆండాలూ అట్లాగే అనుకుంది. కానీ ఆ గూడు ఆమె తలకన్నా ఎత్తులో ఉంది. నొప్పి ఉన్న రోజున చెయ్యి అక్కడిదాకా లేవదు. గోళీ కావలసిన రోజునే గోళీ అందదన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

రోగం వానకాలంలో మొదలైంది. ఒక తెల్లవారుజామున లేవబోతే భుజాలు, తుంట్లు రాత్రికి రాత్రి ఎవరో సిమెంటు పోసినట్టు బిగుసుకుపోయి ఉన్నాయి. పక్కకి దొర్లడానికి మంచం పట్టె పట్టుకోవాల్సి వచ్చింది. కొప్పు ముడుచుకుందామంటే చెయ్యి చెవి దాటలేదు. "ఇంక లేవలేదేంది అత్తమ్మా, బర్లు ఒర్లుతున్నయి" అని కోడలు స్రవంతి వాకిట్లోంచి కేకేసింది. ఎండ ఎక్కేసరికి నొప్పి కాస్త సడలేది. దాంతో వచ్చింది తంటా. "పొద్దుగాల పనున్నప్పుడే వస్తది, పగటీలి టీవీ ముంగట కూసుంటే పోతది. మస్తు తెలివైన నొప్పి నీది" అన్నాడు పెంటయ్య. కొడుకు నందు నవ్వాడు. ఆండాలు కూడా నవ్వింది. నవ్వకపోతే అలిగిందంటారు.

చివరికి కీళ్ల డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయారు. రక్తం తీసి చూసి ఆమె ఏదో పొడుగాటి పేరు చెప్పింది. పెద్ద వయసులో వస్తుంది, ఆడవాళ్లకే ఎక్కువ వస్తుంది అన్నది. పొద్దున తిన్నాక మూడు గోళీలు. రెండో నాటికే ఆండాలు చేతులు తలమీదికి పోయాయి. కొట్టంలో బర్రె చాటున నిలబడి కొప్పు ముడుచుకుంది, విప్పింది, మళ్లీ ముడుచుకుంది. ఎందుకో ఏడుపొచ్చింది.

డాక్టరమ్మ ఇంకోటి కూడా చెప్పింది. "మీ అంతట మీరు తగ్గించొద్దు, పెంచొద్దు. ఒక్కసారే ఆపితే ప్రమాదం. కణతల్లో కొత్తగా నొప్పి వచ్చినా, నమిలితే దవడ లాగినా, చూపు మసకైనా ఆగకుండా అదే రోజు రావాలి. కన్ను పోతుందమ్మా." అప్పుడు పెంటయ్య బయట గడ్డి సేటుతో ఫోన్‌లో ఉన్నాడు. ఇంటికొచ్చి ఆ మాట చెప్తే, "డాక్టర్లు గట్లనే బెదిరిస్తరు తియ్యి" అన్నాడు.

నెల తిరగకముందే లెక్క ఆయన చేతిలోకి పోయింది. "మంచిగ పిండుతున్నవ్, ఇగ మూడెందుకు?" అని ఒకటికి దించాడు. ఆమె బర్రె కింద కూర్చుంటే లేవలేకపోయింది, పాలు ఆలస్యమయ్యాయి, రెండు చేశాడు. చుట్టాలొస్తే మూడు, పోతే ఒకటి. మళ్లీ చూపించడానికి పోయినప్పుడు డాక్టరమ్మ "ఎట్లుందమ్మా?" అని ఆమెనే అడిగింది. ఆండాలు నోరు తెరిచేలోపు "మస్తున్నది మేడం, రెండు బర్లు పిండుతది" అన్నాడు పెంటయ్య. ఆండాలు తలూపింది.

తలూపింది కానీ మస్తుగా ఏమీ లేదు. రోజూ మెలకువ రాగానే కళ్లు తెరవకుండా పడుకుని ముందు వేళ్లు కదిపి చూసుకునేది, తర్వాత మణికట్టు, మోచెయ్యి. భుజం దగ్గరికొచ్చేసరికి ఊపిరి బిగబట్టేది. ఈ పూట ఏ ఒళ్లు దొరుకుతుందో తెలియదు. "గా గోళీలు బొక్కలు తింటయట ఆండాలూ" అని పాలకొచ్చిన కిరాణా కొట్టు నాగమణమ్మ ఎముకల సంగతి చెప్పిన దగ్గర్నించి మింగితే భయం, మింగకపోతే భయం. తన ఒంటికి ఎన్ని కావాలో తనకే తెలియకుండా పోయిందే అన్నది ఈ రెంటికన్నా పెద్ద భయం. ఈ భయం ఎవరితో చెప్పుకుంటుంది? నొప్పి అంటేనే నవ్విన ఇల్లు.

దున్నపోతుల పండుగ కదా, సదర్ నాడు మగవాళ్లంతా దున్నపోతుకి నూనె రుద్ది, కొమ్ములకి రంగులేసి, మెడలో పూలు కట్టి డప్పులతో తోలుకుపోయారు. ఆండాలు వచ్చినవాళ్లందరికీ వండి వడ్డించింది. పరుగులే పరుగులు. "వదినె జూడే, పడుచుపోరి లెక్క ఉరుకుతుంది!" అన్నాడు మరిది. పెంటయ్య మీసం దువ్వుకున్నాడు. రాత్రి గుండె దడదడలాడి ఆమెకు కన్ను మూతపడలేదు.

తెల్లారి పెంటయ్య మందుపట్టీ గూట్లో వెనక్కి తోసేశాడు. "పండుగైపాయె. ఇగ బంద్. మొఖం జూస్కో, గుమ్మడికాయ లెక్కయింది."

"ఒక్కపారే బంద్ చెయ్యొద్దన్నది డాక్టరమ్మ."

"నలభై ఏండ్ల సంది మందులిస్తున్న. నాకు నేర్పుతవా?"

ఆ వారంలోనే సిమెంటు మళ్లీ పోశారు. ఒంట్లో నెత్తురు లేనట్టు కాళ్లు తేలిపోయేవి. ఈసారి కొత్తవి కూడా వచ్చాయి. దువ్వెన తగిలితే నెత్తి మండింది. కుడి కణతలో ఏదో కొట్టుకుంటూ ఉంది. జొన్నరొట్టె రెండు ముద్దలు నమిలేసరికి దవడ లాగేసి, మిగతాది పాలల్లో నానబెట్టుకుని మింగింది. డాక్టరమ్మ చెప్పినవే అని ప్రతిదాన్నీ గుర్తుపట్టింది. గుర్తుపట్టి కూడా ఎవరితోనూ చెప్పలేదు. చెప్తే నిజమైపోతుందేమోనని.

ఆ పొద్దున బర్రె కింద కూర్చుని పిండుతుంటే కుడికంట్లో పైనుంచి బూడిదరంగు తెర ఒకటి దిగింది. పొదుగు సగం మసకబారింది. కన్ను నలిపింది. పోలేదు. ఎడమకన్ను మూస్తే మోకాళ్ల నడుమ బకెట్ సగం లేదు.

"ఏమయ్యా, నాకు కన్ను కనిపిస్తలేదు."

పెంటయ్య గడ్డి వేస్తూనే అన్నాడు. "పొగ కొట్టిందేమో. గోళి ఇస్త, ఆగు. పిండుడు కానియ్యి. దవాఖానకు మాపటీలి పోదం, నందు బండి తెస్తడు."

ఆండాలు చేతులు పొదుగు మీదే ఉన్నాయి. ఈ ఇంట్లో సగం పిండిన బర్రెని వదిలి ఎవరూ లేవరు. పాలు ఎగబట్టుకుంటుంది, పొదుగు వాస్తుంది. పెళ్లై వచ్చిన కొత్తలో అత్త నేర్పిన మొదటి సంగతి అది. పురిటినొప్పులప్పుడు కూడా ఆండాలు పూర్తిగా పిండే లేచింది. తెర ఇంకొంచెం కిందికి దిగింది. సాయంత్రం దాకా ఆగితే అది నేల దాకా దిగుతుంది.

ఆమె గుంజ పట్టుకుని, పళ్లు బిగించి, తుంట్లు విరిగిపోతున్నట్టున్నా లేచింది. బకెట్ తన్నుకుని పాలు పారాయి.

"లొల్లి ఏందే పొద్దుగాల! బర్రె సంగతి ఏం గావాలె?"

"దూడను ఇడువు, తాగుతది" అన్నది ఆండాలు. "స్రవంతీ, ఆటో పిలువు బిడ్డా. నా కన్ను పోతుంది."

ఆటోలో ఆండాలు కోడలి చెయ్యి గట్టిగా పట్టుకుని కూర్చుంది. "నీ నొప్పికి నేను గుడ నవ్విన అత్తమ్మా" అన్నది స్రవంతి ఒకసారి. ఆండాలు వినలేదు. దుకాణాల బోర్డులు కుడివైపు ఉన్నాయో లేదో చూసుకుంటూ ఉంది.

డాక్టరమ్మ కణతలు తడిమి, కంట్లో లైటు కొట్టి చూసింది. ఆమె మొహం మారింది. "రోజుకు ఎన్ని వేసుకుంటున్నవమ్మా?"

"ఇంట్ల పని ఎంతుంటే గన్ని."

డాక్టరమ్మ నర్సుని కేకేసింది. మంచం, సూది, సీసా అన్నీ పరుగుల మీద వచ్చాయి. నరంలోకి మందు ఎక్కుతుంటే పెంటయ్య వచ్చాడు, లుంగీ మీద పాలమరకలతోనే.

"నమస్తే మేడం. ఏమైంది? పనిలకు ఎప్పుడొస్తది?"

"పోయిన చూపు వస్తుందో లేదో చెప్పలేను. ఉన్నదాన్ని కాపాడాలి. ఈసారి డోసు చాలా ఎక్కువ. చాలా నెలలు పడుతుంది, కొంచెం కొంచెం తగ్గించాలి" అని ఆయనవైపు తిరిగి చెప్పసాగింది డాక్టరమ్మ. అలవాటు చొప్పున.

"ఇటు జూడున్రి" అన్నది ఆండాలు.

ఇద్దరూ చూశారు.

"నాతోని చెప్పున్రి డాక్టరమ్మా. మింగేది నేను. గాయన బయట కూసుంటడు."

పెంటయ్య ఏదో అనబోయాడు. స్రవంతి "రాండ్రి మామా" అంటూ తలుపు తీసి పట్టుకుంది.

డాక్టరమ్మ స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చుంది. పెన్ను తీసింది. "చెప్పమ్మా. ఎట్లుంది నీకు?"

మంచిగనే ఉన్నదన్న మాట నోటిదాకా వచ్చింది. ఆండాలు దాన్ని మింగేసింది.

"భయమైతుంది" అన్నది. "ముందుగాల అది రాయున్రి."