కళ్ళు కలపని కప్పులు

ఓడ లింట్స్ రేవుకు చేరేసరికి డాన్యూబ్ మీద పొద్దు వాలిపోతోంది. నూరెంబర్గ్‌లో ఎక్కిన దగ్గర్నుంచీ చూసిన క్రిస్మస్ అంగళ్ళన్నీ రోజ్‌విటాకు ఒక్కలాగే కనిపిస్తున్నాయి. అవే చెక్క దుకాణాలు, అవే గాజు గోళాలు, అదే వేయించిన బాదంపప్పుల వాసన. కాళ్ళు బరువెక్కాయి. అయినా కోటు తొడుక్కుంది. పక్క మంచం మీద ఆడపడుచు హానెలోర అప్పటికే బూట్లు వేసుకుంటోంది.

ఈ ప్రయాణం కిందటి శీతాకాలంలో రోజ్‌విటా భర్త ఎక్‌హార్ట్ బుక్ చేశాడు. సెప్టెంబరులో అతను పోయాడు. అతని బదులు రమ్మని అతని అక్కను రోజ్‌విటాయే పిలిచింది. ఆడపడుచు అర్ధమొగుడంటారు. ఆమె మనసులో ఏముందో తెలుసుకోకుండా రోజ్‌విటాకు నిద్ర పట్టేలా లేదు.

మరో ఆపరేషన్ చేసి చూడవచ్చని డాక్టర్లు అన్నారు. ఎక్‌హార్ట్ వద్దన్నాడు, ఇంటికి తీసుకుపొమ్మన్నాడు. రోజ్‌విటా తీసుకొచ్చింది. నెల తిరక్కుండా అతను పోయాడు. దాని గురించి హానెలోర అప్పుడూ ఇప్పుడూ ఒక్క మాట అనలేదు.

అనలేదు గానీ, నూరెంబర్గ్‌లో మొదటిసారి వేడి వైన్ కప్పులు తాకించినప్పుడు చూపు తప్పించింది. తాగే ముందు ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూడకుండా కప్పు తాకిస్తే ఏడేళ్ళు అరిష్టమని వాళ్ళ దేశంలో చిన్నపిల్లలకు సైతం పళ్ళరసం గ్లాసులతో నేర్పుతారు. ఎక్‌హార్ట్ వాళ్ళింట్లో ఈ పట్టింపు అందరికంటే హానెలోరకే ఎక్కువ. చూడనివాళ్ళ చేత మళ్ళీ తాకించేది. అలాంటి మనిషి నూరెంబర్గ్‌లో చర్చి గోపురం వైపు చూసింది, రేగెన్స్‌బర్గ్‌లో కప్పులోకి, పసావ్‌లో ఎవరిదో కుక్క వైపు.

"చూడు, మళ్ళీ ఈ చెక్క గుర్రాలే," అంది హానెలోర అంగట్లో. "పసావ్ నుంచి మనకంటే ముందే పడవెక్కి వచ్చినట్టున్నాయి."

"నచ్చితే కొనుక్కో."

"ఎందుకు? దుమ్ము దులపడానికి ఇంట్లో ఉన్నవి చాలవా?"

వైన్ పోసే ఆవిడ రమ్ కలపమంటారా అని అడిగింది.

"కలుపు తల్లీ, చెయ్యి వణికినట్టు నటించి మరీ కలుపు," అంది హానెలోర.

ఇద్దరూ నిలబడి తాగే ఎత్తు బల్ల దగ్గరకు చేరారు. హానెలోర కప్పెత్తి రంగులరాట్నం వైపు చూసింది. రోజ్‌విటా తన కప్పు వెనక్కి లాక్కుంది.

"నా వైపు చూడు."

"చూస్తూనే ఉన్నాగా."

"నువ్వు చూసేది రంగులరాట్నాన్ని."

"ఏడేళ్ళ అరిష్టమంటావా? నా వయసుకి ఏడేళ్ళంటే లాభమే రోజీ."

రోజ్‌విటా నవ్వలేదు. "అతన్ని నేనే చంపుకున్నాననుకుంటున్నావా?"

హానెలోర కప్పు బల్ల మీద పెట్టింది. చేతితొడుగులు తీసి మళ్ళీ వేసుకుంది.

"అనుకున్నాను," అంది చివరికి. "అక్టోబరంతా అనుకున్నాను. ఫోన్ చేసి తిడదామని కూర్చునేదాన్ని. తర్వాత వాడి మొండితనం గుర్తొచ్చేది. చిన్నప్పుడు పన్ను పీకించడానికి నాన్నా నేనూ చెరో పక్కా పట్టుకుని మోసుకెళ్ళాం వాణ్ణి. వాడు వద్దన్నాక నువ్వు మాత్రం ఏం చేస్తావు?"

"మరి?"

"నాకు చెప్పలేదు నువ్వు. ఇంటికి తెస్తున్నానన్నావు, అంతే. కోలుకుంటున్నాడనుకుని నేను అక్కడ ఆల్‌బుఖరా పళ్ళ జామ్ కాచుకుంటూ కూర్చున్నాను. వచ్చేవారం చూసొద్దాంలే అనుకున్నాను."

చెప్పవద్దన్నది ఎక్‌హార్టే. అక్క వస్తే ఎలాగైనా ఒప్పించి మళ్ళీ ఆస్పత్రికి పంపుతుందని అతని భయం. ఆ మాట రోజ్‌విటా నాలుక దాకా వచ్చింది. పోయిన మనిషిని అడ్డం పెట్టుకుని తాను తప్పుకోవడానికి మనసొప్పలేదు.

"చెప్పాల్సింది," అంది.

"చెప్పాల్సింది," అంది హానెలోర కూడా. "నీ కళ్ళలోకి చూస్తే ఇది కక్కేస్తానని భయం. దార్లో పోట్లాడుకుంటే ఒకే గదిలో ఎలా పడుకుంటాం?"

వైన్ చల్లారిపోయింది. గైడ్ ఎర్ర గొడుగు పైకెత్తి, ఊరి పెద్ద కూడలిలో ఇంకో అంగడి ఉంది రమ్మని ఓడలో వచ్చినవాళ్ళను పిలుస్తున్నాడు.

"చూడాలని ఉందా నీకు?" అని అడిగింది హానెలోర.

"నీకోసం తిరుగుతున్నాను."

"నేను నీకోసమే. నా కాళ్ళు నూరెంబర్గ్‌లోనే చచ్చాయి."

ఇద్దరూ గొడుగుకు వ్యతిరేక దిశలో, రేవు వైపు మెల్లగా నడిచారు. వంతెన దగ్గర బెంచీ కనబడితే హానెలోర మంచు తుడిచి కూలబడింది. రోజ్‌విటా పక్కన కూర్చుంది. కింద నది నల్లగా పోతోంది.

"ఇప్పుడు చెప్పు," అంది హానెలోర. "ఇంటికి తెచ్చిన రోజు నుంచి. ఏదీ దాటెయ్యకు."

రోజ్‌విటా బాగా అలసిపోయి ఉంది.

"ఆ రోజు వాన పడుతోంది," అంది. "అంబులెన్సులోంచి దించుతుంటే, మొహం మీద గొడుగు పట్టొద్దన్నాడు."