కింద బట్ట లేని తొట్టెల

శ్రేయ రెండు కాళ్లూ పైకి కట్టి ఉన్నాయి. మంచం మీదుగా ఒక ఇనుప కడ్డీ, దానికి గిలకలు, గిలకల మీదుగా తాళ్లు, తాళ్ల చివర బరువులు. తొడల నుంచి మడమల దాకా అంటుపట్టీలు వేసి, వాటి మీద మెత్తటి కట్టు చుట్టారు. రెండేళ్లు నిండని నా మనవరాలు అలా వీపు మాత్రమే పరుపుకు ఆని తలకిందులుగా, పైనున్న తన కాలివేళ్లను ఎవరో కొత్తవాళ్లను చూసినట్టు చూస్తూ నవ్వుతోంది. ఏడుపు చూడాల్సి వస్తుందని గుండె దిటవు చేసుకుని వచ్చిన నాకు ఏం చేయాలో తోచలేదు. నేనూ నవ్వాను.

దెబ్బ తగిలింది తాండూరులో, మా వియ్యపురాలు ఇంద్రమ్మ ఇంట్లో. శుక్రవారం పొద్దున ఆమె నాపరాయి వరండా కడుగుతోంది. కొత్తగా పరుగు నేర్చిన పిల్ల ఆమె వైపే ఉరికొచ్చి తడి బండల మీద జారింది. కుడి తొడ ఎముక విరిగింది. పిల్లల ఎముకలు చూసే డాక్టర్ పద్మారాణి వికారాబాద్‌లో మా ఇంటి దగ్గరే ఉన్నారని అందరూ ఇక్కడికి పరుగెత్తుకొచ్చారు.

ఈ వయసు పిల్లలకు కోత అక్కర్లేదని డాక్టరమ్మ చెప్పింది. విరిగింది ఒకటే అయినా, చర్మానికి పట్టీ అంటించి రెండు కాళ్లనూ పైకి లాగి ఉంచితే, పిల్ల బరువే ఎముకను వరుసలోకి తెస్తుందట. ఒక్కటే జాగ్రత్త: పిల్ల పిరుదులు పరుపుకు ఆనకూడదు. మధ్యలో అరచేయి దూరేంత సందు ఉండాలి. తన చేయి పెట్టి చూపించింది కూడా.

రాత్రిళ్లు మా అమ్మాయి అంబిక ఉండేది. అల్లుడు సుశాంత్ బండల పాలిష్ పని ముగించుకుని సాయంత్రం రైలుకు వచ్చేవాడు. పగలంతా నేనూ ఇంద్రమ్మా. భార్య పోయాక నా పగళ్లను అడిగినవాళ్లు లేరు, అందుకని ఈ కాపలా నాకు బరువనిపించలేదు. నర్సు నాకు ఒక పని నేర్పింది. పిల్ల కాలివేలిని మెల్లగా నొక్కి వదలాలి. తెల్లబడిన చోట వెంటనే మళ్లీ ఎరుపెక్కితే నెత్తురు బాగా పారుతున్నట్టు. వదలగానే ఎరుపెక్కే ఆ చిన్న వేలిని చూడటం కోసం అవసరం లేకపోయినా నొక్కేవాణ్ణి.

పక్క మంచం దగ్గర కుల్కచర్ల నుంచి వచ్చిన రామమ్మ అనే ఆవిడ శ్రేయకు గబ్బిలం అని పేరు పెట్టింది. మర్నాటికి వార్డంతా ఆ పేరే. పెరుగన్నం పెడితే సగం గబ్బిలం నోట్లోకి, సగం చెవుల్లోకి పోయేది.

ఇంద్రమ్మ మాత్రం నవ్వేది కాదు. గోడ పక్కన స్టూలు వేసుకుని కూర్చునేది. పిల్ల పడిన రోజు నుంచి దాన్ని ముట్టుకోలేదు. మధ్యాహ్నం కాగానే, పో అన్నా, చాయ్ తాగిరా అని నన్ను పంపేది. నేను వచ్చేసరికి శ్రేయ హాయిగా నిద్రపోతూ ఉండేది. చల్లని నిద్ర పట్టింది, మంచిదే అనుకునేవాణ్ణి.

వారం తిరిగాక తీసిన ఎక్స్‌రే చూసి డాక్టరమ్మ ముఖం ముడుచుకుంది. ఎముక ముక్కలు ఒకదాని మీదికి ఒకటి జారాయి. సోమవారం మళ్లీ తీస్తానంది. అప్పటికీ వరుసలోకి రాకపోతే హైదరాబాద్ పంపాలి, మత్తు ఇచ్చి ఛాతీ నుంచి పాదం దాకా పిండికట్టు వేయాలి. ఆ మాట చెబుతూనే పిల్ల కింద చేయి పెట్టబోయింది. చేయి దూరలేదు. దుప్పటి కింద నుంచి మడతలు పెట్టిన పాత ఆకుపచ్చ చీర ఒకటి బయటికి వచ్చింది.

అంబిక దాన్ని వెంటనే గుర్తుపట్టింది. ఇరవై ఒకటో రోజున శ్రేయను తొట్టెలలో వేసినప్పుడు కింద పరిచిన చీర అది. ఎవరూ అడగకముందే ఇంద్రమ్మ లేచి నిలబడింది.

"తొట్టెల కట్టి కింద బట్ట ఎయ్యకుంట ఉంటరా అన్నా? పోరి గాలిల యాలాడుతుంటె నా పానం ఒప్పలే. పిల్లను ముట్టలే. మెల్లగ కిందికెంచి నూకిన, అంతే."

చాయ్‌కి పంపడం ఎందుకో నాకు అప్పుడు అర్థమైంది. పిల్ల చీర మీద ఆనుకోగానే బరువంతా అది మోసేసింది. తాళ్లు ఊరికే వేలాడాయి.

అంబిక అత్తగారి వైపు చూడకుండా పిల్ల దుప్పటి సర్దింది. డాక్టరమ్మ చీరను మడిచి మంచం మీద పెట్టింది. ఇంద్రమ్మ కుడిచేయి పట్టుకుని దగ్గరికి తీసుకొచ్చి, తాళ్లు సరిచేసి, ఆ చేతిని పిల్ల కిందికి జరిపింది.

"ఈ తొట్టెలకు బట్ట మీ చెయ్యేనమ్మా. గంటకోసారి పెట్టి చూడండి. ఇరుక్కుంటే నర్సును పిలవండి."

"నా చెయ్యా?" అంది ఇంద్రమ్మ.

గిలిగింత పుట్టి శ్రేయ కిలకిలా నవ్వింది. ఇంద్రమ్మ చేయి వెనక్కి తీసుకోలేదు.

ఆ తర్వాత ఆ మంచం దగ్గరికి ఎవరూ ఇష్టమొచ్చినట్టు రాలేకపోయారు. వచ్చిన చుట్టాల్లో ప్రతివాళ్లూ అయ్యో అంటూ ఏదో ఒకటి పిల్ల కింద పెట్టబోవడమే. దౌల్తాబాద్ నుంచి ఇంద్రమ్మ తమ్ముడు బాలప్ప ఏకంగా దూది దిండు తెచ్చాడు. దిండు నీ నెత్తికింద పెట్టుకోమని ఇంద్రమ్మ అతన్ని గుమ్మంలోనే ఆపింది. గింత డాక్టరీ ఎప్పుడు సదివినవే అక్కా అని అతను ఎగతాళి చేస్తే, మొన్న అంది. దుప్పటి మార్చడానికి వచ్చిన ఆయా కూడా ఆమె చేయి పెట్టి చూసేదాకా కదలకూడదు.

సోమవారం ఎక్స్‌రే యంత్రాన్ని మంచం దగ్గరికే నెట్టుకొచ్చారు. ఇంద్రమ్మ అక్కడ ఉండలేక వరండాలోకి వెళ్లిపోయింది. డాక్టరమ్మ తెర మీద బొమ్మను చాలాసేపు చూసింది. తర్వాత వేలితో ఆ ఎముక పొడవునా ఒక గీత గీసినట్టు చూపించింది. వేలు ఎక్కడా పక్కకు తిరగలేదు.

నేను వరండాలోకి వెళ్లాను. ఆమె గోడ వైపు తిరిగి నిలబడి ఉంది.

"సీదగ ఉన్నదా అన్నా?"

"సీదాగా ఉంది చెల్లె."

కొంగుతో ముఖం తుడుచుకుని, గంటయింది, చెయ్యి పెట్టి చూడాలంటూ నన్ను దాటుకుని లోపలికి వెళ్లింది.

మరికొన్నాళ్లకు ఎముక అతుక్కుంది. కొబ్బరినూనె రాస్తూ నర్సు పట్టీలను ఓపికగా ఊడదీసింది. చర్మం ఎక్కడా చెక్కుచెదరలేదు. మంచం మీద మామూలుగా పడుకోబెడితే శ్రేయకు నచ్చలేదు. వార్డు అదిరేలా ఏడ్చింది. గబ్బిలం నేల మీదికి దిగిందని రామమ్మ అందరికీ చాటింది. నడక తొందరపెట్టొద్దనీ, దానంతటదే లేచి నిలబడుతుందనీ చెప్పి డాక్టరమ్మ పిల్లను ఎత్తి ఎవరికివ్వాలా అని చూసింది. ఇంద్రమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది.

అంబిక పిల్లను అందుకుని, నేరుగా అత్తగారి దగ్గరికి నడిచింది.

"అత్తమ్మా, పట్టుకోండ్రి. నేను సామాన్లు సదురుకుంట."

మధ్యాహ్నం వాళ్లతో పాటు నేనూ తాండూరు రైలు ఎక్కాను. కిటికీ పక్కన ఇంద్రమ్మ, ఆమె ఒడిలో శ్రేయ. బండి కదలగానే పిల్లకు హుషారొచ్చి నానమ్మ కడుపులో తన్నడం మొదలుపెట్టింది. ఎదురుగా కూర్చున్న ముసలాయన, జర కాళ్లు పట్టుకోమ్మా అన్నాడు.

"తన్ననియ్యి," అంది ఇంద్రమ్మ. నా వైపు తిరిగి మెల్లగా చెప్పింది. "గా కాలుతోనే తంతున్నదన్నా."