ఇత్తడి విస్తరి

"జర ఆ ముక్కలు కాగితంల చుట్టు, ఎట్లాగూ కూసునే ఉంటవు గద," అని మధుకర్ అన్నప్పుడు సారక్క ఒక పొయ్యి మీద అన్నం, ఇంకో పొయ్యి మీద పప్పు పెట్టి నిలబడే ఉంది.

ముక్కలంటే నమూనాలు. జనగామలో మధుకర్‌కి చిన్న కార్ఖానా ఉంది. తలుపులకు, గోడలకు బిగించే ఇత్తడి, రాగి రేకుల మీద నగిషీ కొడతారు. కొనబోయేవాళ్ళకు ముందుగా అరచేతంత ముక్కలు పంపాలి. వాటిని చింతపండుతో తోమి, తుడిచి, పాత పేపర్లో చుట్టడం పెళ్ళైన నాటి నుంచీ సారక్క వంతే. "పొట్లాలు కట్టుడు గూడ ఒక పనేనా?" అన్నాడొకసారి మధుకర్, స్నేహితుల ముందు. అందరూ నవ్వారు. సారక్క కూడా నవ్వింది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఆమెకు తన మీదే ఒళ్ళు మండుతుంది. ఇది మా సారక్క చేసిన పని అని అతను నలుగురిలో ఒక్కసారి అంటే చాలు, అంతకు మించి ఆమెకు కోరికేం లేదు.

ఈసారి నమూనాలు హన్మకొండలో కొత్త హోటల్ కడుతున్న ఒక మేడంకి పోవాలి. పేపర్లో చుడితే ముక్కలు ఒకదానికొకటి రాసుకుని గీతలు పడుతున్నాయి. పుట్టిల్లు కాటారం నుంచి తన తల్లి పంపిన మోదుగాకుల కట్ట అటక మీద ఉంది. సారక్క దాన్ని దించి, చీపురు పుల్లలతో విస్తరి కుట్టింది, చిన్న చిన్న దొప్పలు కుట్టింది. ఎర్రటి రాగి పచ్చడి జాగాలో, ఇత్తడి పప్పు జాగాలో, కళాయి పూసిన తెల్ల రేకు పెరుగు దొప్పలో. పొయ్యి మీద పప్పు అడుగంటింది. అంటితే అంటిందిలే అనుకుంది. ఇంత సంతోషంగా ఆమె ఏ పనైనా చేసి ఎన్నాళ్ళో అయింది.

అత్త కట్టమ్మ తొంగి చూసింది. "ఏందే, రేకులకు బంతి పెడుతున్నవా?" అని వెక్కిరించి, మళ్ళీ తనే, "నడుమ జాగ ఉట్టిగున్నది. సుట్టానికి గిట్లనే పంపుతరా?" అంటూ రెండు సకినాలు తెచ్చి మధ్యలో పెట్టేసింది.

విస్తరి పెట్టిన డబ్బా బస్సెక్కాక గాని మధుకర్‌కి ఆ సంగతి తెలియలేదు. "ఇజ్జత్ తీసిండ్రు. హోటలామెకు సకినాలు పంపుతరా ఎవలన్న?" అని తిట్టాడు. కోపం కోపమే గాని, అడుగంటిన పప్పుతోనే రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు.

మర్నాడు మేడం ఫోన్ చేసింది. మధుకర్ భయపడుతూనే ఎత్తాడు. ఫోనులో ఆమె గొంతు ఇల్లంతా వినిపించింది. "ముక్కల మీద ఒక్క గీత లేదండి. మా వాళ్ళంతా చుట్టూ చేరి చూసిండ్రు. సకినాలకైతే కొట్లాటే. తలుపులు మీకే ఇస్తున్న. ఇంతకూ ఆ ఇస్తారి ఎవరు కుట్టిండ్రు?"

"మేమే మేడం, మా కార్ఖానలనే," అన్నాడు మధుకర్ గొంతు సవరించుకుని.

అతను చెప్పే దాకా ఆగితే ఈ జన్మ చాలదని సారక్కకు అర్థమైంది. చేతులు కొంగుకు తుడుచుకుని ఫోన్ అందుకుంది.

"నేను కుట్టిన మేడం. నా పేరు సారక్క. సకినాలు మా అత్త చేసింది."

"అయితే సోమవారం మిగతా నమూనాలు మీరే తెచ్చి చూపిస్తరా?"

"వస్త."

ఎవర్నీ అడగకుండా ఇచ్చిన మాట అది. ఎంత హాయిగా ఉందో. కట్టమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

"ఒక్కదానివే పోతవా?" అన్నాడు మధుకర్.

"ఒక్కదాన్నెందుకు, నువ్వు గూడ రా," అంది సారక్క. "డబ్బా మోసేటందుకు మనిషి కావాలె గద."